దొంగల లెక్క

లిమాచే ఊళ్ళో డిసెంబరంటే నడివేసవి.
క్రిస్మస్ చెట్టుకి కట్టాల్సిన ఎర్ర గాజు బంతుల్ని
ఈసారి టమాటా మొక్కలకి కట్టాను.
కాయలింకా పచ్చిగా గట్టిగా ఉన్నప్పుడే కట్టాలన్నాడు
పక్కింటి నికనోర్.
జోర్సాల్ పిట్ట వచ్చి, ఎర్రగా ఉంది కదాని పొడుస్తుందట,
ముక్కు అదిరి, ఈ ఇంట్లో కాసేవన్నీ రాళ్ళేననుకుని
వేరే పెరటి దారి పడుతుందట.

వచ్చింది. పొడిచింది.
టింగుమన్న చప్పుడు వంటింట్లోకి వినబడి
నవ్వుకున్నాను.
మూడోనాడు మొదటి కాయ రంగు తిరిగింది.
సరిగ్గా దాన్నే పొడిచింది.
పిట్ట కొట్టిన పండే తీపి అనే మాటని
పండు పోగొట్టుకోని వాళ్ళెవరో పుట్టించి ఉంటారు.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు రైలు స్టేషన్లో టికెట్లు చూసినదాన్ని.
టికెట్ కొననివాణ్ణి నడకలోనే పట్టేదాన్ని.
ఇప్పుడు కాయ మీది గాటు చూసి చెబుతాను.
గుచ్చిన గుంటయితే జోర్సాల్.
అంచులు కొరికి గింజలు రాల్చిపోతే ఎలుక.
నేలకానిన కాయకి జిగట చార ఉంటే నత్త.
కింది గుత్తిలో అసలు కాయే లేకుండా
తొడిమ మాత్రం శుభ్రంగా మిగిలితే?
ఆ దొంగ నాకు కొత్త.

దిష్టిబొమ్మకి నా పాత యూనిఫారం కోటు తొడిగాను,
టోపీ కూడా పెట్టాను.
సాయంత్రానికి జోర్సాల్ ఆ టోపీ మీద కూచుని
రెట్టేసి, తీరుబడిగా పాడింది.

నికనోర్ వల తెచ్చాడు.
కింతేరో రేవులో చేపలు పట్టే వల.
కప్పిన రెండో పొద్దున అందులో ఒక పిల్ల పిట్ట,
మచ్చల రొమ్ముది, రెక్క మెలిపడి వేలాడుతోంది.
గోళ్ళ కత్తెరతో ఒక్కొక్క కన్నూ తెంచాను.
నా అరచేతిలో దాని గుండె
ఆగని బండి స్టేషన్ దాటుతున్నట్టు కొట్టుకుంది.
ఎగిరింది, కొంచెం వంకరగా.
వల మడిచి తిరిగి ఇచ్చేశాను.
తెగిన కన్నులు చూశాక నికనోర్ నాతో ముభావం.

వాన మొహం చాటేసి ఇది నాలుగో ఏడు.
వాగులో రాళ్ళు తేలాయి.
"అవి తినడానికి కాదే, తాగడానికి వస్తున్నాయి"
అంది మా చెల్లెలు ఎర్మెలిందా.
అంచు విరిగిన సూప్ గిన్నెలో నీళ్ళు పోసి
ద్రాక్ష పందిరి కింద పెట్టింది.
నమ్మనన్నాను.
వారంలో గాట్లు సగానికి తగ్గాయి.
నమ్మననడం మానేశాను.
నమ్మానని మాత్రం అనలేదు.

అయినా కింది గుత్తిలో రోజుకొకటి మాయం.
నేనా, దోర తిరగ్గానే కోసి
కిటికీ గట్టు మీద పేర్చి మాగేస్తున్నాను,
వాళ్ళ నోట పడేకన్నా నయమని.

ఒక తెల్లవారుజామున, తొలి రైలు కూతకి ముందు,
టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను.
మొక్కల మధ్య తెల్లటి నైట్‌గౌను.
మోకాళ్ళ మీద ఎర్మెలిందా.
చేతిలో సగం పండు, ఒళ్ళో ఉప్పు డబ్బీ.
రక్తపోటు, ఉప్పు ముట్టొద్దని డాక్టరన్నప్పటి నుంచీ
నేను అలమారాలో పెట్టి తాళం వేసే డబ్బీ.
గడ్డం మీంచి మోచేతి దాకా రసం.
వలలో పిట్టలా కాదు,
టోపీ మీది పిట్టలా చూసింది నన్ను.

"టికెట్?" అన్నాను.

కొరికిన సగం నా చేతిలో పెట్టింది.
రాత్రి చలికి చల్లగా, ఉప్పుగా,
లోపలెక్కడో నిన్నటి ఎండ ఇంకా వెచ్చగా.
చెట్టునే పండిన పండు
ఈ ఏడు నేను తినడం అదే మొదలు.

డబ్బీ లాక్కున్నాను. తాళం మార్చాను.
గిన్నెలో నీళ్ళు నింపడం ఇప్పుడు నా వంతు,
అది పాదం జారి పడుతుందని.
పందిరి మీంచి వాడు చూస్తుంటాడు, ఆ టోపీ దొంగ.
ఒక్క చిటికెడు ఉప్పు కాగితంలో పొట్లం కట్టి
రేపు గిన్నె పక్కన పెట్టనా వద్దా అని
ఇంకా తేల్చుకోలేదు.